తెల్లవారుజామునే ఆగిపోయే లారీ

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి ముందుగా చెప్పేస్తాను. నడుస్తున్న ఇంజను ముందు నేను కళ్ళు మూసుకుని నిలబడితే, దండం పెట్టుకుంటున్నానని అందరూ అనుకుంటారు. మా షాపుకి వచ్చే డ్రైవర్లు ఆ కాసేపూ గొంతు తగ్గిస్తారు. ఒకరిద్దరు చెప్పులు కూడా విప్పారు. నిజానికి నేను పెట్టుకునేది దండం కాదు. పంపు నుంచి ఒక్కో సిలిండరుకి వెళ్ళే సన్నటి ఇనప గొట్టాల మీద వేళ్ళు ఆనించి, లోపల డీజిల్ కొట్టుకునే తీరు చూస్తూ ఉంటాను. కళ్ళు తెరిచి ఉంచితే ఎదుటివాళ్ళ ముఖాలు కనిపిస్తాయి, వాళ్ళంతా నన్నే చూస్తున్నారన్న సంగతి గుర్తొస్తుంది, ఇక చేతికి ఏమీ తెలియదు. అందుకని మూసుకుంటాను. సిగ్గు వల్ల వచ్చిన అలవాటుకి భక్తి అని పేరొచ్చింది. నేనూ ఎవరినీ సరిదిద్దలేదు.

ఈ సంగతి రెండేళ్ళ కిందటి ధనుర్మాసంలో జరిగింది. ఏలూరులో మా మావయ్యకి డీజిల్ పంపుల సర్వీసు షాపు ఉంది. మావయ్య అంటే అమ్మ తమ్ముడు. డిప్లొమా అయ్యాక బిల్లులు రాసిపెట్టడానికని ఆ షాపులో అడుగుపెట్టిన నేను, బిల్లుల కంటే పంపులు పరీక్షించే బెంచి దగ్గరే ఎక్కువసేపు నిలబడుతున్నానని గమనించి మావయ్య పని నేర్పాడు. బెంచి మీద పని చేసేటప్పుడు ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. నాజిళ్ళ డబ్బాల వెనక ఎప్పుడూ ఒక నవల ఉంటుంది. మావయ్యకి తెలుసు, తెలియనట్టు ఉంటాడు. రాత్రి ఇంటికి వెళ్ళాక డైరీలో ఆ రోజు విన్న ఇంజన్ల చప్పుళ్ళ గురించి రాసుకుంటాను. ఒక ట్రాక్టరు గొంతు పొడిదగ్గులా ఉందనో, ఒక బస్సు నిద్రలో గొణిగినట్టు తిరిగిందనో, అలాంటివి.

మా పని గురించి కాస్త చెప్పాలి. డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడిలోకి సరైన క్షణంలో డీజిల్‌ని సన్నటి మంచులా చిమ్మితే అదే అంటుకుంటుంది. చిమ్మేది నాజిల్. నాజిల్‌కి అంత ఒత్తిడితో డీజిల్ అందించేది ఇంజెక్షన్ పంపు. దానికంటే ముందు, టాంకులోంచి డీజిల్ తోడి ఫిల్టరు గుండా ఇంజెక్షన్ పంపు దాకా చేర్చే చిన్న పంపు ఇంకొకటి ఉంటుంది, అది ఫీడ్ పంపు. కొత్త బళ్ళలో ఇదంతా కంప్యూటరు చూసుకుంటుంది. పాత లారీల్లో స్ప్రింగులూ, స్క్రూలూ, మనిషి చెవీ చూసుకోవాలి.

ఆక్సిలరేటరు మీద కాలు లేనప్పుడు ఇంజను తనంతట తాను నెమ్మదిగా తిరగడాన్ని ఐడిలింగ్ అంటాం. డ్రైవర్లు ‘స్లో’ అంటారు. స్లోలో చప్పుడు ఒకే తీరుగా ఉండాలి. ఉయ్యాల ఊగినట్టు పెరుగుతూ తగ్గుతూ ఉంటే దాన్ని హంటింగ్ అంటాం. ఆ ఊపు ముదిరితే ఒక తగ్గుదలలో ఇంజను ఇక పైకి లేవదు, ఆగిపోతుంది.

ఆ ధనుర్మాసంలో ఒక మధ్యాహ్నం మా షాపు ముందు ఒక లారీ ఆగింది. మూతి ముందుకి పొడుచుకొచ్చిన పాతకాలపు లారీ. అలాంటివి ఇప్పుడు రోడ్డు మీద దాదాపు కనిపించవు. బానెట్ మీద పసుపు, కుంకుమ, తాజా బంతిపూలు. అద్దాలు మెరిసిపోతున్నాయి. దిగిన డ్రైవరు అరవై దాటిన మనిషి, పేరు సూరన్న. తలుపు మూసేటప్పుడు చప్పుడు కాకుండా రెండు చేతులతో నెమ్మదిగా దగ్గరికి వేశాడు.

“మా ఓనరు గణపవరం దగ్గర సుబ్బరాజుగారండి. చేపల చెరువులు. ఇది ఆయనగారి నాన్నగారు కొన్న బండండి. రాజుగారికంటే ఇదే పెద్దది. పెద్దావిడ అంటానండి నేను.”

“ఏం చేసిందయ్యా మీ పెద్దావిడ?” అన్నాడు మావయ్య.

“ఇక్కడ ఏమీ చెయ్యదండి. వినండి ఎలా ఉందో.”

విన్నాం. ఇంజను స్లోలో తిరుగుతోంది. ఆ వయసు బండికి అంత నిలకడైన స్లో ఉండటం ఆశ్చర్యం. నేను గొట్టాల మీద వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకున్నాను. ఆరు సిలిండర్ల గొట్టాల్లోనూ ఒకే దెబ్బ. కళ్ళు తెరిచేసరికి సూరన్న చెప్పులు విప్పి, నా పక్కన చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

అతను చెప్పిన కథ ఇది. కొల్లేటి పక్కన చేపగుడ్లు పొదిగించే హేచరీ నుంచి సుబ్బరాజుగారి చెరువులకి ఈ లారీ చేపపిల్లని తోలుతుంది. శీలావతి, బొచ్చె రకాలు. వెనక తొట్టిలో టార్పాలిన్ పరిచి నీళ్ళు నింపి అందులో పిల్లని వదులుతారు. ఇంజను ముందున్న పుల్లీకి బెల్టు వేసి ఒక బ్లోయరు తగిలించారు. ఇంజను తిరిగినంతసేపూ ఆ బ్లోయరు గొట్టాల ద్వారా నీళ్ళలోకి గాలి ఊదుతూ ఉంటుంది. ఎండెక్కితే పిల్ల తట్టుకోదు కనుక చీకటితోనే బయల్దేరతారు. చెరువు గట్టు మీదకి చేరాక పిల్లని వెంటనే చెరువులో పొయ్యరు. తొట్టి నీళ్ళు, చెరువు నీళ్ళు వేరు వేరు చల్లదనంలో ఉంటాయి. చెరువు నీళ్ళు కొద్దికొద్దిగా తొట్టిలో కలుపుతూ పిల్లకి అలవాటు చెయ్యాలి. ఆ సేపంతా ఇంజను స్లోలో తిరుగుతూనే ఉండాలి. ఇంజను ఆగితే గాలి ఆగుతుంది. గాలి ఆగితే పిల్ల నోళ్ళు తెరుచుకుని పైకి తేలడం మొదలుపెడుతుంది.

“సరిగ్గా గట్టు మీదే ఆగిపోతందండి. దారిలోనే పికప్ తగ్గుతుంది. గట్టు మీద స్లోలో పెడితే ఊగడం మొదలెడతంది. ఊగీ ఊగీ ఆగిపోతంది. ఎండొచ్చాక మళ్ళీ మామూలే. డాక్టరుగారి గుమ్మం ఎక్కగానే జ్వరం తగ్గే రకమండి.”

“మొన్నటిదాకా బానే ఉండేదా?”

“వేసవికాలం ఎంత బావుందండీ! తేనె పోసినట్టు తిరిగింది. ఈ చలి మొదలయ్యాకే. ఇప్పటి డీజిల్ కూడా మంచిది కాదండి. పొడిగా ఉంటంది. వేళ్ళ మధ్య రుద్దితే జారట్లేదు.”

“అది నిజమేలే. డీజిల్లో గంధకం తగ్గించేశాక పాత పంపులకి ఆ జిడ్డు కరువైంది,” అన్నాడు మావయ్య పంపు బోల్టులు విప్పుతూ. సూరన్న ఆ మాట శ్రద్ధగా విన్నాడు. అతను అలా వినడం అప్పుడు మేము పట్టించుకోలేదు.

పంపుని కాలిబ్రేషన్ బెంచి మీద ఎక్కించాం. బెంచి మీద మోటారు పంపుని తిప్పుతుంది. ఒక్కో సిలిండరు వాటా డీజిల్ ఒక్కో గాజు గొట్టంలో పడుతుంది. అన్నింటిలో మట్టం సమానంగా ఉంటే పంపు బాగున్నట్టు. కొద్దిగా తేడా ఉంటే సరిచేశాను. నాజిళ్ళని చేతిపంపు మీద పెట్టి కొట్టి చూశాం. మంచి నాజిల్ చిమ్మేటప్పుడు పిచ్చుక అరిచినట్టు కిచమంటుంది. అన్నీ కిచమన్నాయి. ఫిల్టరు కొంచెం జిగటగా ఉందని మావయ్య కొత్తది వేశాడు. బిగించి స్టార్ట్ చేస్తే, వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే, చక్కగా ఉంది. అంటే మేము చేసింది ఏమీ లేదన్నమాట.

ఇంజను తిరుగుతున్నప్పుడు నాకు గారెలు వేయిస్తున్న వాసన వచ్చింది. మా షాపు పక్కనే టిఫిన్ హోటలు. ఆకలేసింది. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

కొద్ది రోజులు బండి గురించి కబురు లేదు. తరవాత ఒక ఉదయం లారీ మళ్ళీ వచ్చింది. ఈసారి వెనకాలే మోటారుసైకిలు మీద సుబ్బరాజుగారు కూడా వచ్చారు. తెల్లటి మనిషి, మెడచుట్టూ మఫ్లరు, కోపంగా ఉన్నా గొంతు పెంచని మాట.

“పిల్లలో సగం పోయిందండి నిన్న. గట్టు మీద ఆగిపోయింది. మా వాళ్ళు బకెట్లతో నీళ్ళు ఎత్తిపోసి కలియబెడుతూనే ఉన్నారు. కళ్ళముందే తెల్లగా తేలిపోయింది.”

మావయ్య ఏదో చెప్పబోయాడు. ఆయన చేత్తో ఆపారు.

“మిమ్మల్ని అనటానికి రాలేదండి. నాన్నగారు కొన్న బండి, దీన్ని వదులుకోవడం నాకేమన్నా సరదానా? తాడేపల్లిగూడెం నుంచి పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. వచ్చే లోడు ఒక్కటీ చూస్తాను. అప్పుడూ ఆగిందంటే ఇచ్చేస్తాను. కొత్త వ్యాను కొంటాను. సూరన్నని దాని మీదకి రమ్మన్నాను, రానంటున్నాడు.”

“ఎక్కలేనండి. ఆవిడ వెళ్తే నేనూ ఇంటికేనండి,” అన్నాడు సూరన్న. అని లారీ అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అది అప్పటికే తళతళలాడుతోంది.

నేను బెంచి వెనక ఉన్నాను. షాపుకి వచ్చినవాళ్ళతో నేను నా అంతట నేను మాట్లాడింది అప్పటిదాకా లేదు. ఎవరైనా అడిగితే మావయ్యకి చెప్తాను, మావయ్య వాళ్ళకి చెప్తాడు. ఆ రోజు సూరన్న తుడుస్తున్న చెయ్యి చూస్తూ ఉంటే నా నోట్లోంచి మాట వచ్చేసింది.

“బండి ఇక్కడికి వచ్చేసరికి ఎండెక్కుతోందండి. ఆగేటప్పుడు ఎలా ఉంటుందో మేము చూడలేదు. ఆ లోడు రోజున మేమే గట్టు మీదకి వస్తే...”

వాక్యం పూర్తి చెయ్యలేకపోయాను. మావయ్య నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. షాపులో గోడ మాట్లాడితే ఎలా చూస్తారో అలా చూశాడు. తరవాత నవ్వాడు.

“విన్నారుగా రాజుగారూ. మా మేనకోడలు రమ్మంటే నేను రాక తప్పదు. ఏ చెరువండీ?”

లోడు రోజు ఏలూరు నుంచి మావయ్య బండి వెనక కూర్చుని బయల్దేరాను. శాలువా, మీద స్వెట్టరు, చేతిలో పనిముట్ల సంచి. తెల్లవారుజామున చెరువుల మధ్య దారుల్లో పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, రెండు పక్కలా నీళ్ళున్నాయని వాసనని బట్టే తెలుస్తోంది. దారి పొడుగునా మావయ్య “ఏమే, నిద్రపోతున్నావా? పడితే చేపలు తింటాయి” అంటూనే ఉన్నాడు.

గట్టు మీద సుబ్బరాజుగారు ముందే వచ్చి ఉన్నారు. కాపలా పాక దగ్గర పొయ్యి వెలుగుతోంది. కాసేపటికి లారీ దీపాలు కనిపించాయి. మూలుగుతూ, అయిష్టంగా గట్టెక్కింది. సూరన్న స్లోలో పెట్టి దిగాడు. తొట్టిలో నీళ్ళు బుడగలు కక్కుతున్నాయి. కూలీలు చెరువు నీళ్ళు కడవలతో తొట్టిలో కలపడం మొదలుపెట్టారు.

మొదట బాగానే ఉంది. తరవాత మెల్లగా ఊపు మొదలైంది. చప్పుడు లేస్తోంది, కుంగుతోంది. కుంగినప్పుడల్లా తొట్టిలో బుడగలు పల్చబడుతున్నాయి. సుబ్బరాజుగారు టార్చి తీసుకుని తొట్టిలోకి చూశారు. సూరన్న లారీకీ నాకూ మధ్య నిలబడ్డాడు, ఎటు వెళ్ళాలో తెలియనట్టు.

“గాలి పట్టిందేమో చూడవే,” అన్నాడు మావయ్య.

డీజిల్ లైనులో గాలి చేరితే హంటింగ్ వస్తుంది. అది తెలుసుకోవడానికి ఫిల్టరు మీద ఉండే చిన్న స్క్రూ వదులుచేసి చూస్తాం, బుడగలు వస్తే గాలి ఉన్నట్టు. దాన్ని బ్లీడింగ్ అంటారు. వదులుచేశాను. బుడగలు లేవు. అయితే డీజిల్ కూడా చిమ్ముకుంటూ రావలసింది పోయి, బద్ధకంగా ఊరింది. గాలి కాదు, పైకి డీజిలే అందడం లేదు. అందినదాంతో ఇంజను ఒక్కసారి ఎగసి, అందక కుంగుతోంది.

అప్పుడు మావయ్య గట్టిగా గాలి పీల్చాడు.

“ఎవరో గారెలు వేస్తున్నారు. ఈ వేళప్పుడు భోగమే.”

నాకూ ఆ వాసన తగిలింది. పాక వైపు చూశాను. పొయ్యి మీద ఉన్నది టీ కోసం పెట్టిన ఉత్త నీళ్ళ గిన్నె. చుట్టూ చెరువులు తప్ప ఏమీ లేవు. హోటలు లేదు, ఇల్లు లేదు. వాసన వస్తున్నది లారీ పొగగొట్టంలోంచి.

“మావయ్యా, ఇక్కడ ఎవరూ గారెలు వెయ్యట్లేదు,” అన్నాను.

వంగి ఫీడ్ పంపు కింద ఉండే గాజు గిన్నె మీద టార్చి వేశాను. చెత్త, నీళ్ళు అందులో దిగి కనపడాలని దాన్ని గాజుతో చేస్తారు. అందులో మామూలుగా తేటగా ఉండే డీజిల్ కనపడాలి. ఆ గిన్నెలో నారింజరంగు కలిసిన పసుపులో, గడ్డకట్టిన పదార్థం ఉంది. గాజు మీద బయటినుంచి వేలితో రుద్దితే, ఆ వెచ్చదనానికి అక్కడ కరిగింది. చలికాలంలో మా ఇంట్లో కొబ్బరినూనె సీసా ఇలాగే ఉంటుంది. తలకి రాసుకోవాలంటే అమ్మ దాన్ని ముందు ఎండలో పెడుతుంది. ఎండ తగలగానే ఏమీ ఎరగనట్టు నీళ్ళలా అయిపోతుంది. ఈ లారీ కూడా ఎండెక్కాక ఏలూరు వచ్చి ఏమీ ఎరగనట్టు నిలబడింది.

ఆలోచించడానికి వ్యవధి లేదు. ఇంజను కుంగడాలు లోతుగా వస్తున్నాయి.

“వేణ్ణీళ్ళు!” అని అరిచాను. నేను అంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు. “పొయ్యి మీద నీళ్ళు తెండి, త్వరగా!”

కాపలా మనిషి గిన్నె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మావయ్య తన మఫ్లరు తీసి ఫిల్టరు చుట్టూ చుట్టాడు, దాని మీద నీళ్ళు పోశాను. సూరన్న తలగుడ్డ విప్పి ఫీడ్ పంపుకి చుట్టాడు, దాని మీదా పోశాను. ఇంజను ఒక్కసారి బాగా కుంగింది. బ్లోయరు చప్పుడు దాదాపు ఆగింది. తొట్టి దగ్గర నుంచి ఎవరో “పిల్ల పైకొస్తందండీ” అన్నారు. తరవాత ఆ కుంగిన చోటు నుంచే చప్పుడు మెల్లగా పైకి లేచింది. మళ్ళీ ఊగింది, ఈసారి తక్కువ. ఇంకో గిన్నె నీళ్ళు తెచ్చారు. కాసేపటికి ఊపు పోయి నిలకడగా తిరగడం మొదలుపెట్టింది.

కూలీలు తొట్టి తూము తెరిచి పిల్లని చెరువులోకి వదిలారు. నీళ్ళతోపాటు వెండి పోసినట్టు జారిపోయింది.

అప్పుడు సుబ్బరాజుగారు మా దగ్గరికి వచ్చారు.

“ఏంటమ్మా అది? ఏం కనిపించింది?”

టార్చి మళ్ళీ గాజు గిన్నె మీద వేశాను. “పామాయిల్ అండీ, చలికి గడ్డకట్టి డీజిల్ని పైకి పోనివ్వట్లేదు,” అన్నాను. ఆ తరవాత వచ్చే ప్రశ్న నాకు తెలుసు. డీజిల్ టాంకులోకి అది ఎలా వచ్చింది? నేను సూరన్న వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. అతను గిన్నెలోకి చూస్తున్నాడు. ముఖం పాలిపోయింది. నేను టార్చి ఆర్పేశాను. మామూలుగా నేను మాట తప్పించుకుంటే అది సిగ్గు. ఈసారి కాదు.

“నేనేనండి పోసింది,” అన్నాడు సూరన్న.

ఇంజను ఒక్కటే తిరుగుతోంది.

“మా అల్లుడు పెదవేగి దగ్గర పామాయిల్ మిల్లులో చేస్తన్నాడండి. వేసవిలో ఒక డబ్బా తెచ్చిచ్చాడు. కొత్త డీజిల్ పొడిగా ఉంటంది, పెద్దావిడ పంపు అరిగిపోతందని దిగులండి నాకు. టాంకులో కొంచెం పోసి చూశాను. ఎంత మెత్తగా తిరిగిందండీ! మనం తలకి నూనె పెట్టుకుంటే హాయిగా ఉండదా, అలాగనుకున్నాను. ఈ చలికాలం ఇది ఇలా ఊగుతుంటే, పంపు మరీ ఎండిపోయిందనుకుని...”

“ఇంకొంచెం పోశావు,” అన్నాడు మావయ్య.

“ఆయ్. ఊగినప్పుడల్లా ఇంకొంచెం పోశానండి. మీరూ అన్నారు కదండీ, జిడ్డు కరువైందని. ఆ రోజు ఇంటికెళ్ళి మరి కాస్త పోశాను.”

మావయ్య చలిలో తడిసిన మఫ్లరు పిండుకుంటూ నిలబడ్డాడు.

“అయితే నా పిల్ల పోయింది నువ్వు పోసిన నూనెకా సూరన్నా?” అన్నారు సుబ్బరాజుగారు.

“ఆయ్, అంతేనండి.”

“ఒక్క మాట నాతో అనొచ్చుగా?”

“తప్పని తెలిస్తే అందునండి. మంచే చేస్తన్నాననుకున్నాను. మంచి చేసేటప్పుడు ఎవరికీ చెప్పబుద్ధి కాదు కదండీ.”

సుబ్బరాజుగారు చాలాసేపు చెరువు వైపు చూశారు. మంచు పల్చబడుతోంది, అవతలి గట్టు కనపడటం మొదలైంది. ఆయన నా వైపు తిరిగారు.

“నూనె తీసేస్తే ఇంక ఆగదా అమ్మా?”

ఈ ప్రశ్న మావయ్యని అడుగుతారనుకున్నాను. మావయ్య నేల చూస్తున్నాడు, కావాలనే. పాత బండి. ఏది ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. ఆగదు అని మాటిస్తే అబద్ధం అవుతుంది. ఏమో అంటే ఆ మధ్యాహ్నానికి తాడేపల్లిగూడెం ఫోను వెళ్ళిపోతుంది.

“టాంకు కడిగించి, లైను మొత్తం శుభ్రం చేశాక ఈ కారణంతో ఆగదండి. వేరే దేనివల్లైనా ఊగిందని కబురు చేస్తే, ఏ వేళైనా నేనే గట్టు మీదకి వస్తానండి.”

ఆయన తల ఊపారు. “చలి తగ్గేదాకా చూద్దాం. ఇనుమువాళ్ళకి తరవాత చెప్తాను.” కొంచెం దూరం వెళ్ళి ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నారు. “ఏవయ్యా సూరన్నా, ఆ డబ్బాలో ఇంకా మిగిలి ఉంటే మా ఇంట్లో ఇచ్చెయ్యి. నిజంగానే గారెలు వేయిస్తాను.”

కూలీలు నవ్వారు. సూరన్న నవ్వలేదు. లారీ బానెట్ మీద తల ఆనించి నిలబడ్డాడు.

ఆ రోజే టాంకు దించాం. అడుగున పేరుకున్నదంతా వేణ్ణీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, గొట్టాలు ఊది, కొత్త ఫిల్టరు వేసి, పంపుని మళ్ళీ బెంచి మీద చూశాం. పంపులో ఏ దోషమూ లేదు. అసలు మొదటిసారి కూడా లేదు. బెంచికి మేము వాడేది ప్రత్యేకమైన, శుభ్రమైన టెస్ట్ ఆయిల్. బండి టాంకులో ఏముందో బెంచికి ఎప్పటికీ తెలియదు. ఆ సంగతి మావయ్యే అన్నాడు, గాజు గొట్టాల్లో సమానంగా ఉన్న మట్టాలు చూస్తూ. “మనం దీన్ని మన ఇంటి భోజనం పెట్టి పరీక్ష చేశామే. వాళ్ళింట్లో ఏం తింటోందో అడగలేదు.” కొత్త డీజిల్ గురించి సూరన్న దిగులు ఉత్త దిగులు కాదు కనుక, పాత పంపులకి జిడ్డు అందేలా డీజిల్లో కలుపుకునే ఎడిటివ్ ఒకటి మావయ్య చూపించాడు, ఎంత కలపాలో నాచేత కాయితం మీద రాయించి ఇచ్చాడు. సూరన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నమ్మకం కుదరనట్టు జేబులో పెట్టుకున్నాడు.

వెళ్ళేముందు ఇంజను స్టార్ట్ చేసి నేను ఎప్పటిలాగే గొట్టాల మీద వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి సూరన్న కూడా కళ్ళు మూసుకుని, నా పక్కనే, నేను పెట్టినట్టే గొట్టాల మీద వేళ్ళు పెట్టి, పెదవులు కదుపుతూ ఏదో చదువుకుంటున్నాడు. చెప్దామనుకున్నాను, ఇది దండం కాదండీ అని. అతని ముఖం చూసి ఊరుకున్నాను.

ఆ చలికాలం గడిచింది. లారీ గట్టు మీద ఆగలేదు. సుబ్బరాజుగారు ఇనుమువాళ్ళ మాట మళ్ళీ ఎత్తలేదని సూరన్న దారిన పోతూ ఆగి చెప్పి వెళ్ళాడు.

ఆ లారీ తరవాత మా షాపులో రెండు సంగతులు మారాయి. స్లో బాగోలేదని ఎవరు బండి తెచ్చినా, పంపు విప్పకముందు టాంకులోంచి కాస్త డీజిల్ ఒక గాజుసీసాలో పట్టి పక్కన పెడతాను. బండి ఏ వేళప్పుడు, ఎక్కడ మొరాయిస్తుందో అడిగి, వీలైతే ఆ వేళకి ఆ చోటికే వెళ్తాను. ఇంకో సంగతి నాలో మారింది. డ్రైవర్లతో నేనే మాట్లాడుతున్నాను. ముఖ్యంగా ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతాను, కోప్పడకుండా, వీలైనంత మెత్తగా: బండి బాగుండాలని మీరేమైనా చేశారా అని. పాడుచెయ్యాలని ఎవరూ ఏమీ చెయ్యరు. బాగుండాలనే ఏదో ఒకటి పోస్తారు, బిగిస్తారు, కడతారు, పూస్తారు. బండి ఇంకా మూలిగితే మరి కాస్త చేస్తారు. అది తప్పని నేను అనలేను. ప్రేమ ఉన్నవాళ్ళు చేసే పని అది. కాకపోతే ఆ చేసేదాని పక్కన, ఎదుటివాళ్ళకి ఏం జరుగుతోందో కాసేపు ఊరుకుని కనిపెట్టి చూడటం కూడా ఉండాలి. ఇంజన్లకే కాదు, నేను చదివే నవలల్లో మనుషులకి కూడా ఇది పనికొస్తుందని నాకు అనిపిస్తుంది.

ఈమధ్య మళ్ళీ చలి మొదలైంది. మొన్న పొద్దున్నే షాపు తీసేసరికి పెద్దావిడ గుమ్మంలో ఉంది. తాజా బంతిపూలు, మెరిసే అద్దాలు. ఇంజను స్లోలో తిరుగుతోంది. దూరం నుంచి వింటే నాకేమీ తేడా తెలియలేదు. మావయ్యకీ తెలియలేదు. సూరన్న చెప్పులు విప్పి నన్ను బానెట్ దగ్గరికి తీసుకెళ్ళి, నాలుగో గొట్టం మీద వేలు పెట్టమన్నాడు. పెట్టాను. కళ్ళు మూసుకున్నాను. నాలుగోదానిలో దెబ్బ మిగతావాటికంటే ఒక పిసరు మెత్తగా ఉంది. ఇంకా ఎవరి చెవికీ అందని తేడా. ఎలా తెలిసింది అని అడిగాను.

“ఏమోనండి పాపగారూ. దానికి నేను ఇంకేమీ పొయ్యట్లేదండి, మీరు చెప్పిందే పోస్తన్నాను. రోజూ పొద్దున్నే మీలాగే చెయ్యేసి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటన్నానంతే. మొన్న దండం పెట్టుకుంటుంటే, ఆవిడే చెప్పిందండి.”